తొమ్మిదో లాకు, నూట ముప్పై లోపు

రోజు 1, ఆదివారం

కాలువ వైపు నీటిమట్టం ఏడడుగులు. సముద్రం వైపు తొమ్మిది. మందుల పడవ లాకు నోటి దగ్గర తగలబడింది. పడవ సిబ్బంది నలుగురూ పోయారు. గేటు అవతలి ఉప్పుటేరు పల్లెల వాళ్లు ఏడుగురు పోయారు. అందులో ముగ్గురు నా తుపాకీకి పడ్డవాళ్లు.

రిజిస్టరులో రాయాల్సింది ఇంతవరకే. ఈ రోజు చూసింది ఆ గళ్లలో పట్టదు కనక మిగతా పేజీ కూడా వాడుకుంటున్నాను. నా పేరు జొన్నకూటి శేషారత్నం. యాభై ఒక్కేళ్లు. లాకు అధికారిగా ఇది ఆరో ఏడు. షుగరు వచ్చి పదకొండేళ్లయింది.

పొద్దున ఎనిమిదింటికి పడవ కనిపించింది. దాని వెనకే రెల్లులోంచి ఆరు దోనెలు వచ్చాయి. పడవను తాడేసి లాక్కుపోదామని చూశారు. మా తుపాకులు మొదలయ్యేసరికి నూనె గుడ్డలు అంటించి విసిరారు. పడవ నడిపే సరంగు ఒంటినిండా మంటతో నీళ్లలోకి దూకాడు. నీళ్లలోనే అతన్ని బల్లెంతో పొడిచారు. నా తర్వాతి అధికారి ఏసోబు గేటు మీదనుంచి దూకి ఈదుకుంటూ వెళ్లి ఒక దోనెను తిరగేశాడు. అందులో ఒకడి జుట్టు పట్టి దోనె అంచుకేసి కొట్టాడు. ఆపమని నేను రెండుసార్లు అరిచాను. రెండోసారికి ఆ తలలో కొట్టడానికి ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం తేలుతున్న పెట్టెల్ని గాలాలతో లాగాం. కట్టుగుడ్డలు దొరికాయి. కొలెస్ట్రాల్ మాత్రల పెట్టె మసి. ఆరు నెలల సరుకు. షుగరు మాత్రలు మా షెడ్డులోనే తయారవుతాయి కనక వాటికి లోటు లేదు. ఇవి మాత్రం బయటినుంచి రావలసినవే.

రోజు 2, సోమవారం

పరగడుపున మణికట్టు పట్టీ సూది గుచ్చుకుంది. నా ఎల్‌డీఎల్ (రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్) 84. అంటే నిన్నటిదాకా వేసుకున్న మాత్ర ఇంకా పనిచేస్తోంది.

ఈ అంకె ఎందుకింత ముఖ్యమో కొత్తవాళ్లు ఎవరైనా ఇది చదివితే తెలియాలి. పెద్ద గేటుకి తూర్పున ఒక స్తంభం, పడమట ఒకటి. రెంటి మీదా ఇద్దరు అధికారులు ఒకేసారి అరచేతులు పెడితేనే గేటు దిగుతుంది. పదేళ్ల కిందట ఎనిమిదో లాకులో ఒక అధికారి, చెయ్యి స్తంభం మీద ఉండగానే, గుండె ఆగి చనిపోయాడు. గేటు సగంలో నిలిచిపోయింది. ఉప్పునీరు కాలువలోకి వచ్చి ఎగువన మూడు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటినుంచి కాలువల మండలి గేటు యంత్రానికి ఒక నియమం పెట్టింది. సోమవారం పట్టీ చూపిన ఎల్‌డీఎల్ నూట ముప్పై దాటిన చేతిని ఆ వారమంతా యంత్రం ఒప్పుకోదు.

దానికి తెలిసిన చేతులు నాలుగే. నేను, ఏసోబు, బుచ్చిలింగం, సామ్రాజ్యం. కొత్త చెయ్యి చేర్చాలంటే మండలి ఇంజినీరు రావాలి. ఎగువ కట్ట తెగి నెలైంది, దారి లేదు. సామ్రాజ్యానికి ఇరవై తొమ్మిదేళ్లు, ఏ మాత్రా అక్కర్లేదు. మిగతా ముగ్గురం మాత్రల మీద బతికేవాళ్లం. డాక్టరు దగ్గర ఒక డబ్బా ఉంది. తొంభై మాత్రలు.

రోజు 5, గురువారం

డాక్టరు హబీబున్నీసా నన్ను తన గదికి పిలిచింది. ముగ్గురికీ పంచితే నెలకి అయిపోతాయని, డబ్బాకి తాళం వేసి ముందు వేరే దారి చూద్దామని అంది. ఆవిడకి అరవై ఆరేళ్లు. నాకు షుగరు ఉందని మొదట చెప్పింది ఆవిడే. చెప్పినరోజు నేను ఆవిడతో పోట్లాడాను.

"షుగరు రక్తనాళం లోపలి గోడని గరుకు చేస్తుంది రత్నం," అంది. "గరుకు గోడకి కొవ్వు త్వరగా అంటుకుంటుంది. అందుకే మామూలు మనిషికీ నీకూ ఒకే అంకె ఉన్నా నీకే ప్రమాదం ఎక్కువ. నన్నడిగితే నువ్వు వందలోపు ఉండాలి. యంత్రం నీ మీద దయ చూపిస్తోంది."

మాత్ర లేకుండా దిగుతుందా అని అడిగాను. దిగుతుంది, కానీ నెమ్మదిగా, అందరికీ ఒకేలా కాదు అంది. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం చేస్తుందట. ఉలవల్లో, బార్లీలో ఉండే జిగురు పీచు ఆ రసాన్ని పేగులోనే పట్టుకుని బయటికి తోసేస్తుందట. మళ్లీ చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. మేం తినే పామాయిలు, వనస్పతి ఆ లాక్కునే పనిని మందగింపజేస్తాయి. తెల్లన్నం గుట్టలు గుట్టలుగా తింటే షుగరూ, రక్తంలో మరో రకం కొవ్వూ కలిసి పెరుగుతాయి. నా బరువు డెబ్బై ఎనిమిది కిలోలు, అయిదారు తగ్గాలి. తిన్న ప్రతిసారీ పావుగంట నడవాలి. చుట్ట మానాలి. షుగరు మాత్ర మాత్రం తను చెప్పకుండా ఒక్కపూట కూడా మానకూడదు.

ఎన్నాళ్లు పడుతుందంటే ఎనిమిది పది వారాలు అంది. ఉప్పుటేరు వాళ్లు అన్నాళ్లు ఆగుతారా అన్నాను. ఆ ప్రశ్న తనది కాదంది.

రోజు 9, సోమవారం

ఎల్‌డీఎల్ 121. ఎక్కుతోంది.

వంటశాలలో రక్తం కారింది. మా వంటమనిషి పోలినాయుడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాడు, అరవై మందికి ఒంటిచేత్తో వండుతాడు. ఎండుచేపల్ని పామాయిల్లో కరకరలాడేలా వేయించడం అతని పేరు నిలబెట్టిన వంట. నేను ఆరు డబ్బాల పామాయిలూ, రెండు డబ్బాల వనస్పతీ బయటికి మోయించి సముద్రం వైపు పారబోయించాను. గోదాములోంచి ఉలవలు, బార్లీ, కొర్రలు తెప్పించాను. ఉలవలు ఎడ్లకోసం ఉంచినవి.

అతను చేపల కత్తి పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఎడ్లు తినీది మనుసులికి ఎట్టీమంతారేటి? నాను వండను," అన్నాడు.

కత్తి దించమన్నాను. దించలేదు. నేను తుపాకీ మడమతో అతని మోచేతి మీద కొట్టాను. కత్తి తిరిగి వచ్చి నా చెవి కింద చీరింది. మనుషులు విడదీసేలోపు అతని ముక్కు పగిలింది. ఇద్దరం వంటశాల నేలమీద కూర్చుని రొప్పుతుంటే డాక్టరు వచ్చి నా మెడకు ఏడు కుట్లు వేసింది. కుట్లు వేస్తున్నంతసేపూ ఆవిడ పోలినాయుడికే చెప్పింది. ఉలవలు నానబెట్టాలి, చారు చిక్కగా తీయాలి, తాలింపుకి చెంచాడు నువ్వులనూనె చాలు, చేపలు పులుసులో ఉడికించు. అతను ముక్కు పట్టుకుని విన్నాడు.

సాయంత్రం ఉలవచారు వచ్చింది. ఉప్పు ఎక్కువ వేశాడు, కావాలనే అనుకుంటాను. తిన్నాను. తిని, తుపాకీ భుజాన వేసుకుని కట్ట మీద పావుగంట నడిచాను.

రోజు 16, సోమవారం

నాకు 155. బుచ్చిలింగానికి 149. ఏసోబుకి 219. ఒక్క పొద్దులో మూడు చేతులు పోయాయి. గేటు మూసి ఉండగానే జరిగింది కనక సరిపోయింది. అయితే ఎగువన వరద పెరిగినప్పుడు నీరు వదలడానికి దాన్ని యంత్రమే తనంతట తాను ఎత్తేస్తుంది. కాలువ పొంగకుండా ఆ ఏర్పాటు. ఎత్తడం దానికి వచ్చు, దించడానికే చేతులు కావాలి.

బుచ్చిలింగం నా వయసువాడే, నాలాగే షుగరు మనిషి. ఉలవచారు గిన్నె గోడకేసి కొట్టాడు. డబ్బా తాళంచెవి అడిగాడు. ఇవ్వనన్నాను.

రోజు 17, మంగళవారం

బుచ్చిలింగం పోయాడు. ఆయుధాల గది కాపలా చెంచయ్య కూడా పోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ బుచ్చిలింగం గునపంతో చెంచయ్య తల బద్దలుకొట్టి, మాత్రల డబ్బా దాచిన ఆ గది తాళం పగలగొట్టాడు. నేను వెళ్లేసరికి చెంచయ్య కళ్లు తెరుచుకునే ఉన్నాయి, అన్నం మెతుకులు చేతికి అంటుకునే ఉన్నాయి. నేనూ ఏసోబూ కట్ట వెంబడి పరుగెత్తాం. రెండు ఫర్లాంగుల అవతల, తూము పక్కన బుచ్చిలింగం కూర్చుని ఉన్నాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని గుప్పెళ్లతో మాత్రలు మింగుతున్నాడు. అన్నీ ఒక్కసారి మింగితే రేపటికి అంకె పడిపోతుందనుకున్నాడు. అలా పడదని అతనికి చెప్పినవాళ్లు లేరు, నాతో సహా.

డబ్బా కింద పెట్టమన్నాను. పెట్టాడు. పెట్టి గునపం తీసుకుని నా మీదికి వచ్చాడు. మొదటి దెబ్బ నా ఎడమచేతి రెండు వేళ్లు విరగ్గొట్టింది. నేను కాల్చాను. పొట్టలో తగిలింది, ఆగలేదు. ఏసోబు వెనకనుంచి మెడ పట్టుకున్నాడు. ముగ్గురం కట్ట వాలుమీద దొర్లాం. అతని గొంతు కింద నా మోకాలు పెట్టి నొక్కాను. ఎంతసేపు నొక్కానో తెలియదు. ఏసోబు, "చాలక్కా, అయిపోయింది," అని నా భుజం పట్టి లేపాడు.

ఇరవై రెండేళ్లు నా కంచం పక్కనే కూర్చుని తిన్న మనిషి. అతని పెళ్లికి నేను వడ్డించాను.

డబ్బాలో యాభై రెండు మాత్రలు మిగిలాయి. తిండితో ఎంత దిగుతుందో తేలేదాకా ముట్టొద్దని డాక్టరు మళ్లీ తాళం వేసింది.

రోజు 30, సోమవారం

158. పోయినవారం 164. మొదటిసారి దిగింది.

ఆకలి గురించి రాయాలి. మొదటి వారం ఆకలికి చేతులు వణికేవి. తర్వాత పొట్ట ఉబ్బరం, దాని సంగతి కాపలా వాళ్లంతా నా వెనక చెప్పుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు పొద్దున బార్లీ జావ, మధ్యాహ్నం కొర్రన్నం పిడికెడు, ఆకుకూర దండిగా, ఉలవచారు. సాయంత్రం ఉడికించిన చేప, గుప్పెడు వేరుశనగలు. అవిసెగింజలు వేయించి పొడిచేసి పోలినాయుడు అన్నిటిమీదా చల్లుతున్నాడు. నడక మూడుపూటలా. చుట్ట మానేసి పాతికరోజులు. రాత్రి కాపలా డాక్టరు ఆపించింది, ఏడుగంటల నిద్ర కూడా మందేనట.

శనివారం షుగరు అరవై రెండుకి పడిపోయి కట్టమీద కళ్లు తిరిగాయి. తిండి మారింది కనక సాయంత్రం మాత్ర ఒకటి డాక్టరు తగ్గించింది. బరువు డెబ్బై అయిదు.

రోజు 40, గురువారం

ఉప్పుటేరు వాళ్లు ఇద్దరు ఈదుకుంటూ వచ్చి గేటు గొలుసులు చూస్తుంటే పట్టుకున్నాం. ఒకడు కాపలావాడి చెంప కొరికి మాంసం ఊడబెరికాడు. ఇద్దరినీ కట్టమీదే కొట్టి చంపారు. నేను ఆపే ప్రయత్నం చేయలేదు. అది కూడా రిజిస్టరులో ఉండాలి.

చావకముందు రెండోవాడు అమావాస్య పోటుకి వస్తారని చెప్పాడు. ఇంకా పద్దెనిమిది రోజులు.

రోజు 44, సోమవారం

నాకు 141. ఏసోబుకి 228.

అతను నాకంటే ఎక్కువ నడిచాడు. చేప తప్ప మాంసం ముట్టలేదు. ఒంట్లో కొవ్వన్నది లేదు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. షుగరు లేదు. అయినా అంకె కదల్లేదు. డాక్టరు అతని చేతులు పట్టుకుని చూసింది. వేళ్ల కణుపుల మీద, మడమ వెనక నరం మీద పసుపుపచ్చ గడ్డలు. తండ్రి ఎలా పోయాడని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లకి వల లాగుతూ కూలిపోయాడన్నాడు. బాబాయి? నలభై. తాత? తెలియదు.

ఇది తిండితో వచ్చింది కాదని, పుట్టుకతో రక్తంలో ఉన్నదని డాక్టరు చెప్పింది. ఇతని కాలేయానికి కొలెస్ట్రాల్ లాక్కునే చేతులే తక్కువట. పీచు ఎంత తిన్నా కొంచెమే దిగుతుంది. ఇలాంటివాళ్లకి మాత్ర తప్పదు. అప్పుడే అతను ఇంకోటి ఒప్పుకున్నాడు. పదిరోజుల్నుంచి మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందట.

డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. సామ్రాజ్యం కూడా ఉంది. మనసులో ఉన్నది దాచుకునే మనిషి కాదు.

"మాత్రలు నువ్వేసుకుంటే రెండువారాల్లో వందకి దిగుతావు, అమావాస్యకి గేటు పడుద్ది," అంది. "ఇతనేసుకుంటే నూటయాభై దగ్గర ఆగుద్ది, గేటు పడదు. ఇందులో ఆలోచించేదేముందక్కా?"

నూటయాభై అన్న అంకె సరైనదేనని డాక్టరు తల ఊపింది. నేను వేసుకోకపోతే అమావాస్యకి నూట ముప్పై లోపు వస్తానా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అంది.

ఏసోబు తనకొద్దన్నాడు. గేటు ముందు, తను తర్వాత అన్నాడు. చెప్పేటప్పుడు అతని చెయ్యి ఛాతీ మీదే ఉంది.

గేటు వెనక నలభై వేల మంది తాగే నీళ్లున్నాయి. నా ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. తిండితో దిగగల మనిషిని నేను. దిగుతూ ఉన్నాను కూడా. అతను దిగలేడు. నాకింకా దారి ఉండగా అతని దారి నేను తినేయడం నావల్ల కాలేదు. ఇది సరైన లెక్క అని నేను చెప్పడంలేదు. చేసింది రాస్తున్నాను.

మాత్ర తీసి అతని అరచేతిలో పెట్టి, "మింగు. నా ఎదురుగా మింగు," అన్నాను.

సామ్రాజ్యం లేచి వెళ్లిపోయింది.

రోజు 51, సోమవారం

139. వారానికి రెండు. చాలదు.

పూటకి ఇంకో గిన్నె ఉలవచారు వేయమంటే పోలినాయుడు వేశాడు. ఉప్పు సరిగ్గా ఉంది. నడక పావుగంట నుంచి అరగంట చేశాను. రెండు ఇసుక బస్తాలు మోస్తూ మెట్లు ఎక్కి దిగుతున్నాను.

రోజు 58, సోమవారం

136.

పొద్దున ఎనిమిదింబావుకి పోటు మీద పది దోనెలు వచ్చాయి. గేటు వరదకోసం ఎత్తి ఉంది. సామ్రాజ్యం పడమటి స్తంభం మీద చెయ్యి పెట్టింది. నేను తూర్పు స్తంభం మీద పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్రదీపం. నేను ఆ స్తంభాన్ని తుపాకీతో కొట్టాను, కాలితో తన్నాను. ఆరు అంకెల దూరంలో గేటు నా నెత్తిమీద వేలాడుతూ ఉంది.

దోనెలు కిందనుంచి లోపలికి వచ్చాయి. వాటితోపాటు ఉప్పునీరు. గంటసేపు కత్తులతో, పడవ గెడలతో కొట్టుకున్నాం. కాపలావాళ్లలో నాంచారయ్య పొట్ట చీలి కాలువలో పడ్డాడు. ఇమ్మానియేలుని గొలుసుకి కట్టి నీళ్లలో ముంచారు. వాళ్లు పీపాలు నింపుకుని వెళ్లిపోయారు. వెళ్తూ మా మంచినీటి తొట్టి గోడ పగలగొట్టారు.

తొమ్మిది రోజుల మంచినీళ్లు ఉప్పయ్యాయి. ఇద్దరు మనుషులు.

మధ్యాహ్నం నాంచారయ్య భార్యా, వాళ్ల మనుషులూ, కాపలావాళ్లలో సగంమందీ నా గది ముందుకి వచ్చారు. మాత్రల సంగతి అందరికీ తెలిసిపోయింది. నేను బయటికి వెళ్లాను. మొదటి రాయి భుజానికి, రెండోది నోటికి తగిలింది. ఒక పన్ను ఊడింది. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు. వాళ్లకి ఆ హక్కు ఉందనుకున్నాను.

పోలినాయుడు వంటశాలలోంచి చేపల కత్తి పట్టుకుని వచ్చాడు. నన్ను నరకడానికే అనుకున్నాను. నా ముందు నిలబడి వాళ్లవైపు తిరిగాడు.

"ఈవిణ్ని కొట్టాలంతే ముందు నన్ను కొట్టండి," అన్నాడు. "ఈవిడ సచ్చిపోతే గేటు ఎవులు దించుతారు?"

ఒకడు ముందుకి వచ్చాడు. పోలినాయుడు అతని ముంజేయి చీరాడు. అప్పటికి గుంపు ఆగింది. నాంచారయ్య భార్య మాత్రం కదల్లేదు. సాయంత్రందాకా అక్కడే నేలమీద కూర్చుంది. నేనూ గుమ్మంలో కూర్చున్నాను.

రోజు 65, సోమవారం

131.

ఒక్కటి. ఏసోబు నా పట్టీ చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని ఛాతీనొప్పి తగ్గింది, మెట్లు ఎక్కగలుగుతున్నాడు. ఆ మాట నాతో చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు. డాక్టరు నాకు చెప్పింది.

పున్నమి పోటు వచ్చే సోమవారమే.

రోజు 72, సోమవారం

పరగడుపున ఆరున్నరకి పట్టీ గుచ్చుకుంది. అంకె రావడానికి పదినిమిషాలు. సామ్రాజ్యం నా ఎదురుగా కూర్చుంది. ఇరవై ఎనిమిది రోజులుగా పనిమాట తప్ప మాట్లాడని మనిషి. డాక్టరు గుమ్మంలో నిలబడింది.

127.

సామ్రాజ్యం లేచి నా చెయ్యి పట్టుకుని పట్టీ మీద అంకె దగ్గరగా చూసింది. "పద," అంది.

ఎనిమిదింటికి పద్నాలుగు దోనెలు వచ్చాయి. ఈసారి ఎత్తయినవి, కొన్నిటికి రేకు కప్పులు. గేటు ఎత్తి ఉంది, పోటు లోపలికి పరుగెడుతోంది. మొదటి దోనెలు గేటు కిందకి వచ్చేదాకా ఆగుదామని నేనే చెప్పాను. మూసేస్తే వెనక్కి పోయి మళ్లీ వస్తారు, ఈ రోజుతో అయిపోవాలి అన్నాను. ఆ మాట నాదే.

మూడు దోనెలు గేటు కింద ఉండగా చేతులు పెట్టాం. పచ్చదీపం వెలిగింది.

పద్దెనిమిది టన్నుల ఇనుము పడింది. చెక్కలు విరిగిన చప్పుడు ముందు వినిపించింది, తర్వాత మనుషులది. మధ్య దోనెలో లేచి నిలబడ్డ ఒకడు గేటుని రెండు చేతులతో ఆపబోయాడు. అతను అలాగే కిందికి వెళ్లాడు. గేటు అంచు నేలకి తగిలేదాకా నా చెయ్యి స్తంభం మీదే ఉంచాలి. ఉంచాను. నలభై సెకన్లు పట్టింది. కళ్లు మూసుకోలేదు.

బయట మిగిలిన దోనెలు పోటుకి వచ్చి గేటుకి కొట్టుకుని తలకిందులయ్యాయి. లోపలికి వచ్చేసిన రెండు దోనెల వాళ్లు కట్ట ఎక్కారు. ఏసోబు కట్టమీద కాపలావాళ్లతో ఉన్నాడు. యంత్రం ఒప్పుకోని అతని చెయ్యి ఇనుపగెడ పట్టింది. ఒకడి దవడ పగలగొట్టాడు, ఇంకొకడిని గెడతో గుచ్చి నీళ్లలోకి తోశాడు. అతని భుజం ఎముకదాకా తెగింది. తెగిన చేత్తోనే మూడోవాణ్ణి పట్టుకుని, నేను చేరేదాకా వదల్లేదు. మూడోవాణ్ణి నేను చంపాను. దగ్గరనుంచి.

పది నిమిషాలకి అయిపోయింది. మావాళ్లు నలుగురు. వాళ్లు ముప్పై ఒక్కరు, దొరికినంతవరకు. కాలువ వైపు నీటిమట్టం ఎనిమిది. నీళ్లు తీపిగానే ఉన్నాయి.

ఏసోబుకి డాక్టరు ముప్పైనాలుగు కుట్లు వేసింది. గుండె ఆ దెబ్బకి తట్టుకుందని, నెల కిందటైతే చెప్పలేకపోయేదాన్నని అంది. మాత్రలు ఇంకా ఇరవైమూడు ఉన్నాయి. పొద్దుటి మాత్ర అతను వేసుకోలేదని గుర్తొచ్చి నేనే వెళ్లి వేశాను.

రోజు 73, మంగళవారం

పోటు తీసి నీళ్లు వెనక్కి పోయాయి. గేటుకి అవతల బురదదిబ్బ మీద మనుషులున్నారు. నలభై మందిదాకా. నిన్న తలకిందులైన దోనెల వాళ్లు, వాళ్లకోసం వెనకనుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు. పక్కన ఖాళీ పీపాలు. శవాల్ని వరసగా పడుకోబెట్టుకున్నారు. కదిలే ఓపిక ఎవరికీ లేదు.

కాపలావాళ్లు కట్ట మీద తుపాకులు గురిపెట్టి నా మాటకోసం చూస్తున్నారు. నాంచారయ్య భార్య కూడా వచ్చి నిలబడింది.

డాక్టరు ఎవర్నీ అడక్కుండా నిచ్చెన దిగి బురదలోకి వెళ్లింది. తుపాకీ కింద పెట్టి నేనూ వెనకే దిగాను. ఒక పెద్దావిడ లేచి ఎదురొచ్చింది. పేరు ఆదెమ్మ అంది. కుడిపాదానికి గుడ్డచుట్ట, గుడ్డలోంచి చీము. అది షుగరు పుండని వాసనకే తెలిసింది. ఆవిడదీ నాదీ ఇంచుమించు ఒకటే వయసు.

మొదటిరోజు ఆ పడవలో ఏముందనుకున్నారని అడిగాను.

"నీళ్లనుకున్నాం," అంది. "మందులని తెలిస్తే ఎందుకు తగలబెడతామమ్మా. మా ఊళ్లో సగంమందికి ఇదే రోగం."

నిన్న గేటు కింద ఆవిడ కొడుకులు ఇద్దరున్నారు. ఆ చెయ్యి నాదేనని చెప్పాను. ఆవిడ నా చెయ్యి వైపు చూసింది. కొట్టలేదు, ఏడవలేదు. పిల్లలకి నీళ్లు కావాలంది.

నేను కట్ట ఎక్కి తూర్పు తూము దగ్గరికి వెళ్లాను. తూముకీ గేటులాగే రెండు స్తంభాలు, రెండు చేతులు. ఒక్క చేతితో తెరుచుకోదు. నేను ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే ఆజ్ఞ అవుతుంది, ఆజ్ఞ ఇచ్చే అర్హత నాకు లేదనిపించింది. నా చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఎండెక్కింది.

నాంచారయ్య భార్య సామ్రాజ్యం దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. సామ్రాజ్యం బురదదిబ్బ వైపు చూసింది. తర్వాత తుపాకీ పక్కవాడికి ఇచ్చి, కట్ట వెంబడి నడుచుకుంటూ వచ్చి, రెండో స్తంభం మీద చెయ్యి పెట్టింది. నావైపు చూడలేదు.

తూర్పు తూము ఎనిమిది అంగుళాలు, రెండు గంటలసేపు తెరిచాం. అనుమతి ఎవరిదీ లేదు. కారణం: నీళ్లు అడిగారు.